ఎదురొచ్చే మనిషి

రోడ్డు మలుపుల్లో ప్రమాదాలు ఆగాలంటే సర్కారు చేయాల్సింది ఒక్కటే. ప్రతి మలుపు దగ్గరా ఒక విధవను కూర్చోబెట్టాలి.

నవ్వకండి. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు, కాలు విరిగాక కనుక్కున్నది. సిమెంటు అక్కర్లేదు, కంకర అక్కర్లేదు, టెండర్లు అక్కర్లేదు, కాంట్రాక్టరు బావమరిది అంతకన్నా అక్కర్లేదు. బొట్టు లేని నుదురు ఒక్కటి చాలు. నాకు ఉంది. బాన్సువాడ వస్తే చూడవచ్చు. బండి మీద వచ్చేవాళ్లు మాత్రం కాస్త దూరం నుంచే చూడండి.

నా పేరు గంగమణి. బీడీలు చుడతాను. చీకటి పడేదాకా చుట్టి, కట్టలు కట్టి, మర్నాడు పొద్దున్నే గంపలో పెట్టుకుని కార్ఖానాలో అప్పజెప్పాలి. అక్కడి మున్షీ పొద్దున కాసేపే కిటికీ తెరుస్తాడు. కిటికీ మూశాక వచ్చిన బీడీ ఆయన దృష్టిలో బీడీయే కాదు. తరచూ ఆలస్యంగా వచ్చే మనిషికి ఆకూ తంబాకూ ఇవ్వడం మానేస్తాడు. అందుకని పొద్దున పూట మా సందులోంచి బీర్కూర్ రోడ్డెక్కి నడవడమే నా బతుకు.

ఆ రోడ్డు మీదే, దసరా వెళ్లిన కొన్నాళ్లకు, గోపీచంద్ నన్ను మోటారు సైకిలుతో గుద్దాడు.

గోపీచంద్ ఎవరంటే, బీర్కూర్ దగ్గర క్యాంపులో ఉండే హరనాథబాబు గారి అబ్బాయి. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి, నిజాంసాగర్ కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడిన కుటుంబం; అలాంటివాళ్ల ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. బండి కొత్తది. సీటు మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు. ఆ పొద్దున్నే పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, హ్యాండిలుకు బంతిపూల దండ వేశారు. దండ వాడకముందే నేను వాడిపోయాను!

నేను రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తున్నాను. నన్ను వెనక నుంచి గుద్దాడు. ఈ ‘వెనక నుంచి’ అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి. మా ఊరి పెద్దలు ఒక్కరూ గుర్తుపెట్టుకోలేదు.

జనం వెంటనే వచ్చారు. మా ఊరి జనం సాయానికి రారని ఎవరూ అనలేరు. ముందు బండిని లేపారు. ఇండికేటరు పగిలిందా, ట్యాంకు సొట్టపోయిందా అని తడిమి చూశారు. తర్వాత అబ్బాయిని లేపి మోచేతికి గీరుకున్న చోట పసుపు అద్దారు. ఆ తర్వాత, గంప బోర్లా పడి ఉంది కనుక, దాని కింద మనిషి ఎవరైనా ఉన్నారేమో అని చూశారు. ఒకాయన రోడ్డు మీద దొర్లుతున్న నా బీడీ ఒకటి తీసి ముట్టించుకుని, పొగ వదిలి, అయ్యో పాపం అన్నాడు. అంత దగ్గరగా వచ్చి జాలిపడినవాడు ఆ రోజు ఆయనొక్కడే.

తప్పు ఎవరిది? మొదట్లో అందరూ అబ్బాయిదే అన్నారు. స్పీడు అన్నారు, కుర్రతనం అన్నారు. తర్వాత ఎవరో ఎస్టీడీ బూత్ వాళ్లు పెట్టిన కొత్త బోర్డు మీదికి నేరం తోశారు. నేను బోర్డులు చదువుతూ నడుస్తానని ఊళ్లో అందరికీ తెలుసు. అక్షరాలు నలభై దాటాక వచ్చాయి నాకు. ఆలస్యంగా విస్తరి ముందు కూర్చున్నవాళ్లు ఏదీ వదలరు కదా! కానీ బోర్డు చదివేది కళ్లతో. గుద్దింది పిర్ర మీద. ఆ వాదన నిలబడలేదు.

అసలు తీర్పు దవాఖానలో వచ్చింది.

గోపీచంద్ తల్లి రాధాకుమారి గారు బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకుని నన్ను చూడటానికి వచ్చారు. మంచావిడ. నా మంచం పక్కన నిలబడి, కొడుక్కి బండి కొనిపెట్టొద్దని మొత్తుకున్నాను, మాట విన్నారు కాదు అని భర్తను తిట్టుకున్నారు. నొప్పి ఎక్కడ అని అడిగారు. దిండు సర్దారు. అప్పుడు, నా నుదురు కొంగు కింద ఉంది కనుక, మర్యాదకే, మీ ఆయన ఏం చేస్తుంటారండీ అని అడిగారు.

లేడని చెప్పాను.

దిండు మీద ఉన్న చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. ఆవిడ ముఖంలో బాధ పోయి ఊరట వచ్చింది. ఎంత ఊరటో! కొడుకు తప్పు చేయలేదని తేలిన తల్లి ముఖం అది. అదా సంగతి, అనుకున్నాను అన్నారు. బత్తాయిలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. మంచావిడ అని చెప్పాను కదా.

కాలికి సిమెంటు పట్టీ వేసి నన్ను ఇంటికి తెచ్చాక, మా వాకిట్లోనే పంచాయితీ పెట్టారు. హరనాథబాబు గారు కుర్చీలో కూర్చున్నారు. మా ఆయనకు అన్న వరస, మా కులానికి పెద్ద, నర్సయ్య బావ మంచం మీద కూర్చున్నాడు. నన్ను గడప లోపల కూర్చోబెట్టారు, నుదురు ఎవరికీ కనబడకుండా.

"గంగమణీ, అయ్యిందేదో అయ్యింది," అన్నాడు బావ. "దవాఖాన ఖర్సు బాబుగారే సూసుకుంటుండు. నువ్వు జేసేది ఒక్కటే. పొద్దుగాల బండ్లు కదిలే యాళ్లకు రోడ్డెక్కకు. కాల్వ గట్టు పొంటి పో."

"గట్టు పొంటి పోతె కిటికీ మూసేస్తరు బావా. నా పని పోతది."

"గది తర్వాత సూద్దాం తియ్. మంచిగ పోయేటోనికి ఎదురొచ్చుడు న్యాయమా చెప్పు."

"నేను ఎదురు రాలే. ఎనక నుంచి గుద్దిండు."

"ఎనకనా ముందటనా అని గాదు. పిలగానికి నువ్వు కండ్లవడ్డవా, లేదా?"

"కండ్లవడితె బ్రేకెయ్యాలె గద బావా. సూసి గూడ గుద్దిండా?"

నర్సయ్య బావ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మా ఇంట్లో వాదన ముగిసిందనడానికి అదే గుర్తు.

పట్టీ కాలితో పడుకుని బాగా ఆలోచించాను. ఆలోచించగా వాళ్లదే న్యాయం అనిపించింది. మొగుడున్న ఆడది ఎదురు రావాలంటే ఎదురుగా నడిచి రావాలి. విధవకు ఆ శ్రమ లేదు. వెనక ఉన్నా ఎదురే, పక్కన ఉన్నా ఎదురే, ఇంట్లో పడుకుని దగ్గినా ఎదురే. నాలుగు దిక్కులా ముఖాలున్నది బ్రహ్మకీ నాకూ మాత్రమే!

పైగా నా బలం చూడండి. నిమ్మకాయలు, పూజారి మంత్రం, బంతిపూల దండ, కొత్త టైర్లు, కంపెనీ బ్రేకులు, ఇన్నిటినీ ఒక్కదాన్ని, అదీ వీపుతో, ఓడించాను. నాలో ఇంత శక్తి ఉందని ముందే తెలిస్తే తునికాకు కత్తిరిస్తూ కూర్చునేదాన్నా?

పట్టీ ఉన్నన్నాళ్లూ పక్కింటి నర్సవ్వ తన గంపతో పాటు నా గంప కూడా మోసింది. ఆకు, తంబాకు తెచ్చి పెట్టింది. అయితే తన మనవరాలు సహజను బడికి పంపే ముందు మాత్రం, నేను వాకిట్లో ఉన్నానా లోపల ఉన్నానా అని తొంగి చూసి పంపేది. రెండూ మనసారా చేసేది.

పట్టీ విప్పారు. కాలు అతికింది గానీ పాత దారిన అతకలేదు, కాస్త పక్కకు చూస్తుంది. చేతికి కర్ర వచ్చింది. బురద గట్టు మీద కర్ర, గంప, వంకర కాలు మూడూ కలిసి నడవవు. ఒక పొద్దున దేవుడి మీద భారం వేసి మళ్లీ బీర్కూర్ రోడ్డే ఎక్కాను.

అప్పుడు జరిగింది అద్భుతం. బండ్లు ఆగిపోయాయి!

నా మాట ఈలోగా చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి వచ్చినట్టుంది. రెండు చేతులూ వదిలేసి బండి నడిపే కుర్రాళ్లు నన్ను చూడగానే రెండు కాళ్లూ నేల మీద పెట్టారు. ముగ్గురెక్కిన బండి మీంచి ఇద్దరు దిగి తోసుకుంటూ పోయారు. చెరుకు ట్రాక్టరు ఇంజన్ ఆపుకుని, నేను దాటేదాకా, పూజలో కూర్చున్నట్టు కూర్చుంది. తండా నుంచి పాలు తెచ్చే ధన్‌సింగ్ అయితే నన్ను చూసిన ప్రతిసారీ బండి తిప్పుకుని ఇంటికి పోయి, నీళ్లు తాగి, మళ్లీ బయల్దేరేవాడు. ఊళ్లో చాయ్ ఆలస్యమవుతోందని గొడవ చేస్తే, ఇప్పుడు నీళ్ల సీసా బండికే కట్టుకున్నాడు. నన్ను చూస్తాడు, ఒక గుటక వేస్తాడు, పోతాడు. పొద్దున్నే నీళ్లు తాగడం ఒంటికి మంచిదట. దానికీ నేనే కారణం.

ఆ రోడ్డు మీద మా సందు దగ్గరి మలుపులో స్పీడ్ బ్రేకర్ వేయించమని మా సందువాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. ప్రతి ఎన్నికలకూ ఒకాయన వచ్చి, ఇదిగో ఇక్కడే అని చెప్పుతో గీత గీసి పోయేవాడు. బడి పిల్లలు ఆ గీత మీదే ప్రాణాలు పట్టుకుని రోడ్డు దాటేవాళ్లు.

నన్ను చూసి బండ్లు ఆగడం గమనించిన నర్సవ్వ ఒకనాడు మెల్లగా వచ్చి కూర్చుంది. కాసేపు వాన గురించి మాట్లాడింది.

"గంగక్కా, ఎట్లన్న కార్ఖానాకు పోయొస్తవ్ గద," అంది చివరికి. "వొచ్చేటప్పుడు బడి యాళ్లకు జెర మలుపు కాడ కూసోరాదు? సహజ దాటుతది."

కూర్చున్నాను. ఇప్పుడు రోజూ కూర్చుంటున్నాను. ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే నా ముందు నుంచి బండ్లు గర్భిణీ స్త్రీల్లా నడుస్తాయి. పిల్లలు అరుచుకుంటూ దాటుతారు. పొద్దున్నే నా ముఖం చూసి బడికి పోయిన పిల్లల్లో ఒక్కరి కాలూ విరగలేదు.

కాబట్టి సర్కారు ఈ పథకాన్ని రాష్ట్రమంతా పెట్టాలని నా విన్నపం. మనుషులు దొరకరేమో అన్న ఫికర్ వద్దు. నిజాంసాగర్‌లో నీళ్లు తగ్గుతాయేమో గానీ మా వైపు విధవలు తగ్గరు. దుబాయ్ నుంచి పెట్టెల్లో వచ్చినవాళ్ల భార్యలున్నారు. సారా కొట్టు ముందు పడిపోయినవాళ్ల భార్యలున్నారు. అదీ చాలకపోతే, మోటారు సైకిళ్లే ఏటా కొత్తవాళ్లను తయారుచేసి ఇస్తున్నాయి. రోగం కూడా అదే, మందు కూడా అదే. ఇంత చవకైన పథకం ఏ దేశంలో ఉంది?

ఇంతలో నా కొలువుకు ఒక ఆటంకం వచ్చింది.

మొన్న రాధాకుమారి గారు మలుపు దగ్గరికి వచ్చారు. గోపీచంద్ బండి మీదే తీసుకొచ్చాడు. అతను బండి ఆపుకుని పక్కనే నిలబడ్డాడు. అబ్బాయికి కోటగిరిలో పెళ్లిచూపులు, శుక్రవారం పొద్దున కారులో ఇటే వెళ్తాం అన్నారావిడ.

"ఏమనుకోకండి గంగమణి గారూ. ఆ ఒక్క పూట మీరు బయటికి రాకుండా ఉంటే చాలు. మున్షీ గారితో మావారు మాట్లాడతారు."

ఎంత మర్యాదగా అడిగారో! ఈ ఒక్క పూట ఒప్పుకుంటే, రేపు ఇంకో ఇంటి పెళ్లి ఉంటుంది, ఎల్లుండి ఇంకో ఇంటి ప్రయాణం. చివరికి నాకు మిగిలేది కాలువ గట్టే. చాట పక్కన పెట్టి, ఆవిడకు ఒక చిన్న సంగతి చెప్పాను.

మా ఆయనకు కోటగిరి రైసుమిల్లులో పని దొరికిన రోజు సంగతి. స్నేహితుని బండి వెనక కూర్చున్నాడు. మా అత్త నన్ను లోపలి నుంచి పిలిచింది, ఎదురు రమ్మని. కాళ్లకు పసుపు, చేతుల నిండా గాజులు, నుదుటి మీద ఇంత బొట్టు, చేతిలో నీళ్ల చెంబు. మా అత్త చూపించిన చోటు నుంచి, మా అత్త చెప్పిన గడియలో నడిచి వచ్చాను. నన్ను చూసి నవ్వి మరీ పోయాడు. కల్వర్టు దగ్గర లారీ వచ్చింది.

"ఆయిన మళ్ల రాలేదమ్మా," అన్నాను. "ఆనాడు ఎదురొచ్చింది ముత్తైదువే."

గోపీచంద్ అన్నాడు.

"నాకు ఈవిడ ఎదురు రాలేదమ్మా. నేనసలు రోడ్డే చూళ్లేదు. కొత్త అద్దంలో జుట్టు సర్దుకుంటున్నా."

"నువ్వు నోరు మూసుకో," అన్నారు రాధాకుమారి గారు. "నీకేం తెలీదు."

పాపం, అంతే మరి. బండి నడిపినవాడికి ఏం తెలుస్తుంది?

శుక్రవారం నేను మలుపులోనే కూర్చున్నాను. కారు వచ్చింది, నెమ్మదించింది, పిల్లలు దాటాక కదిలింది. వెనక సీట్లో రాధాకుమారి గారు కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు. ముందు సీట్లో గోపీచంద్ చెయ్యి ఊపాడు. సంబంధం కుదిరింది. పిల్ల పేరు సుస్మిత అట. ఆ సంబంధం నా ముందు నుంచే పోయి కుదిరిందని మాత్రం ఊళ్లో ఒక్కరూ అనలేదు. కాలు విరిగితే నా వల్ల, పెళ్లి కుదిరితే దేవుడి వల్ల.

పోనివ్వండి. పథకం గొప్పదే. ఇందులో ఒకే ఒక లోపం ఉంది, సర్కారుకు ముందే చెప్పడం నా ధర్మం.

ఎదురుగా వచ్చే బండ్లన్నీ నన్ను చూసి ఆగుతున్నాయి. వెనక నుంచి వచ్చేవి ఆగడం లేదు. నిన్న కార్ఖానాకు పోతుంటే ఒకటి గంపను రాసుకుంటూ పోయింది. అందుకని వెనక చప్పుడు వినబడగానే కర్ర ఆనించుకుని గిరుక్కున తిరిగి నా నుదురు చూపిస్తున్నాను. కిటికీ మూసే వేళ దగ్గరపడుతున్నా సరే, ప్రతి బండికీ తిరుగుతున్నాను. మెడ నొప్పి పుడుతోంది.

తప్పదు మరి. వెనక నుంచి చూస్తే నేను మామూలు మనిషినే. మామూలు మనిషికి మా ఊళ్లో ఎవరూ బ్రేకు వేయరు.