గుర్తులేని మామిడిపళ్లు

పొద్దున్నే మామిడిపళ్ల బుట్టను విస్సన్నపేట బస్సెక్కించి వియ్యాలవారికి పంపేసి, ఆనక కొట్టు తెరవాలన్నది దశరథరామయ్య ఆలోచన. తిరువూరులో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఆయనది. పెళ్లికి ముందునుంచీ ఆ గల్లాపెట్టె ముందు తప్ప మరెక్కడా కుదురుగా కూర్చున్న మనిషి కాదు. షుగరు కూడా పాత చుట్టమే.

బుట్ట తెరిచిన భార్య కోటేశ్వరమ్మ అక్కడే ఆగిపోయింది. "ఏవండీ, పైవరస పళ్లేవి? మీరు తిన్నారా?"

మూతి తుడుచుకున్నాడు గానీ చొక్కా మీద రసం ఇంకా ఆరలేదు. కాదనడానికి వీల్లేదు, అవుననడానికి ధైర్యం లేదు. సరిగ్గా అప్పుడే ఆ పాపిష్టి బుర్రకు డాక్టరు శర్వాణి నిన్న కోటేశ్వరమ్మతో చెప్పిన మాట తట్టింది. షుగరు ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే మెదడు పనితీరు మారొచ్చు, మతిమరుపు కనిపిస్తే వెంటనే తీసుకురండి అని.

"తిన్నానా? ఏమోనే, గుర్తులేదు."

తిట్లకు సిద్ధమైన మనిషికి కన్నీళ్లు ఎదురయ్యాయి. కోటేశ్వరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, "టిఫిన్ చేసింది గుర్తుందా?" అంది. లేదన్నాడు. రెండో విడత పెసరట్టు వచ్చింది. ఇదేదో బాగానే ఉందనుకున్నాడు మహానుభావుడు.

ఆ పెసరట్టు పూర్తయ్యేలోపే ఆవిడ కొడుక్కి విషయం చెప్పింది, ఈ సంగతి వల్లే బుట్ట ఆలస్యమవుతుందని వియ్యపురాలికీ ఫోన్లో చెప్పింది. కొడుకు రాంప్రసాద్ వచ్చి తాళాలు తీసుకున్నాడు. "మీరు రెస్ట్ తీసుకోండి నాన్నగారూ. ఇకనుంచి గల్లా నేను చూసుకుంటా."

గల్లా మాట వినగానే దశరథరామయ్య దిగ్గున లేచాడు. కొడుకు వెనకే కొట్టుకు పరుగెత్తాడు. వార్త అప్పటికే బజారంతా పాకింది. "నిన్న స్ప్రేయరు ఊరికే ఇస్తానన్నారు కదండీ శెట్టిగారూ, మర్చిపోయారా?" అన్నాడు గంపలగూడెం రైతు ఒకాయన.

"నేనెప్పుడన్నానయ్యా?"

"పాపం, ఆయనకి గుర్తుండట్లేదండి," అంటూ రాంప్రసాద్ స్ప్రేయరు తీసిచ్చేశాడు. పక్కనున్నాయనకు కూడా వెంటనే ఒక టార్పాలిన్ పట్టా గుర్తొచ్చింది. కళ్లముందే కొట్టు ఖాళీ అవుతుంటే దశరథరామయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

ఈలోగా వియ్యపురాలు హనుమాయమ్మ ఆటో దిగి, చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచింది. "అన్నయ్యగారూ, నేనెవరో చెప్పండి చూద్దాం."

అందరూ కలిసి ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్లారు. డాక్టరు అడిగిన తేదీ, వారం, అంకెలు అన్నీ ఠకఠకా చెప్పాడు. కోటేశ్వరమ్మ మాత్రం నమ్మలేదు. "అవి ఎవరైనా చెప్తారమ్మా. పొద్దున తిన్న పళ్లే గుర్తులేవు ఈయనకి."

గల్లా పోయేలా ఉందని ఆయన తెగించేశాడు. "అన్నీ గుర్తున్నాయే. పళ్లు నేనే తిన్నా. మొన్న జిలేబీ తెప్పించుకుని యూరియా బస్తాల చాటున తిన్నా. గృహప్రవేశంలో పూర్ణంబూరెలు నీ వెనకాలే నిలబడి తిన్నా."

"ఇంకా?" అంది కోటేశ్వరమ్మ మెల్లగా.

జ్ఞాపకశక్తి మీద గర్వంతో ఆయన ఉగాది దాకా వెనక్కి వెళ్లాడు.

శర్వాణి పెన్ను కింద పెట్టింది. "మెదడు ప్రస్తుతానికి భేషుగ్గా ఉందండి. ఇలాగే తింటే ఎన్నాళ్లుంటుందో చెప్పలేను."

దశరథరామయ్య విజయగర్వంతో తాళాల కోసం కొడుకు వైపు చెయ్యి చాపాడు. కోటేశ్వరమ్మ మధ్యలోనే అందుకుని బొడ్లో దోపుకుంది. "మతిపోయిందనుకుని అబ్బాయికిచ్చాను. మతుండే చేశారు కాబట్టి గల్లా దగ్గర ఇక నేనే కూర్చుంటా. జిలేబీకి డబ్బులు అందులోంచేగా తీసింది?"

పత్తి విత్తనాల సీజను ముగిసేసరికి దశరథరామయ్య షుగరు దిగింది, కొట్టు అమ్మకాలు పెరిగాయి; రెంటికీ కారణం ఆయన్ని గల్లా దగ్గరికి రానివ్వకపోవడమేనని ఊరంతా ఒప్పుకుంది.