సీతామహాలక్ష్మిగారి వంటింటి కిటికీ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, కింద కోచింగ్ సెంటర్ పిల్లల గోలలో మాట వినబడదు. అమీర్‌పేటలో సీతామహాలక్ష్మిగారు వంటిల్లు బాగుచేయించుకున్న కథ ఇది. నవ్వొస్తే నవ్వండి. ఆవిడకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాలేదు.

ఒకరోజు పొద్దున ఆవిడ అనుకున్నది చాలా చిన్న పని. వంటగట్టు ఎత్తయింది. వంగిపోయిన నడుముతో కూర కలపాలంటే భుజం లాగేస్తోంది. గట్టు కాస్త దించి, కిటికీ పక్కన కూర్చోవడానికి చిన్న అరుగు కట్టించుకుంటే చాలు. కిటికీ పక్కనే ఎందుకంటారా? అమీర్‌పేట సందుల్లో ఇళ్ళ సంగతి తెలిసిందేగా, ఒకరి కిటికీలోంచి చెయ్యి చాపితే ఇంకొకరి ఉప్పుడబ్బా అందుతుంది. అవతలి కిటికీ జైనబ్‌ది. ఇటునుంచి గోంగూర పచ్చడి వెళితే అటునుంచి షీర్ ఖుర్మా పాయసం వచ్చేది. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం ఇద్దరికీ తెలియదు. భర్త కృష్ణమోహన్‌గారు పోయినప్పటి నుంచి ఆవిడతో రోజూ మాట్లాడే మనిషంటూ ఎవరైనా ఉంటే, ఆ కిటికీలోనే ఉంది.

కూతురు హరిణి యూసుఫ్‌గూడలో ఉంటుంది. "మేస్త్రీలతో అయ్యే పని కాదమ్మా. పంజాగుట్టలో ఫణీంద్రగారని ఆర్కిటెక్టు ఉన్నారు. మనిషిని చూసి, ఆ మనిషికి తగ్గట్టు ఇల్లు గీస్తారట" అంది.

ఫణీంద్ర వచ్చి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. "నేనేమీ అడగనండీ. అడిగితే మనుషులు మొహమాటానికి ఏదో ఒకటి చెప్పేస్తారు. మీ పని మీరు చేసుకోండి. నేను రోజంతా ఊరికే చూస్తుంటాను."

పరాయి మనిషి గుమ్మంలో కూర్చుని చూస్తుంటే ఏ ఇల్లాలైనా తన పని తాను ఎలా చేసుకుంటుంది, మీరే చెప్పండి? ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుంది. నడుము బిగబట్టి నిటారుగా నిలబడింది. వచ్చినవాళ్ళ ముందు చతికిలబడితే ఏం బాగుంటుందని పొద్దుగూకేదాకా కూర్చోలేదు. పై అరలోని మంచి కప్పుల కోసం మునివేళ్ళ మీద లేచి చేతులు చాపింది. కిటికీ పట్టుకుని వేళ్ళాడే మనిషనుకుంటాడేమోనని రెక్కలు మూసి గడియ కూడా పెట్టింది.

కాసేపటికి ఆ రెక్కల మీద గరిటెతో టకటకమని చప్పుడు. జైనబ్ రోజూ పిలిచే పిలుపది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"ఏం లేదు బాబూ, పక్కవాళ్ళు."

"రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతే."

నిజమే చెప్పింది పాపం. అంతలో వేగిన ఉల్లిపాయల వాసన రెక్కల సందులోంచి వచ్చింది. నోరూరి, అది కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. ఫణీంద్ర జాలిగా తలాడించాడు.

పని జరిగినన్నాళ్ళూ హరిణి తల్లిని తన దగ్గరే ఉంచుకుంది. తిరిగొచ్చి చూసేసరికి వంటగట్టు జానెడు పెరిగింది. అరుగు లేదు. కిటికీ ఉన్నచోట నున్నటి గోడ, దానికో తెల్లటి అలమర.

"మీరు నిటారుగా నిలబడి పనిచేసే మనిషి, కూర్చునే అలవాటే లేదు. ఇక ఆ వాసనా, ఆ గోలా మీ దరికి రావు. ఎలా ఉందండీ?" అన్నాడు ఫణీంద్ర.

సీతామహాలక్ష్మిగారు ఆ తెల్లటి అలమరను చేత్తో తడిమి చూసింది. "బాగుంది బాబూ. కాఫీ తాగుతావా?" అంది. ఆ కాఫీ పీట ఎక్కి కాచింది.

మర్నాడు వాచ్‌మన్ ఐలయ్య ఒక గిన్నె పట్టుకొచ్చాడు. "జైనబమ్మ ఇచ్చిందమ్మా, మీదేనట."

ఆవిడ మూత తీసింది. ఖాళీ. కడిగి, తుడిచి మరీ పంపిన ఖాళీ గిన్నె.

"ఏమైనా చెప్పిందా?"

"చెప్పుడేంది, మస్తు ఏడ్చింది. వాసన రాకుండ కడుతున్నమని గా పనోళ్ళు చెప్పిండ్రట. మా వంట పడకపోతే అక్క నోటితోని చెప్పొద్దా అంటున్నది. వాళ్ళాయన అజ్మత్ భాయ్ సుత గరం మీదున్నడు."

ఆవిడ పులిహోర కలుపుకుని మెట్లు దిగింది, సందు దాటింది, వాళ్ళ మెట్ల దగ్గర నిలబడింది. ఏమని మొదలుపెట్టాలో తెలియక వెనక్కి వచ్చేసింది. ఆ పులిహోర ఒక్కతే తిన్నది. ఆ వారమంతా ఆ ఇంట్లో కుక్కర్ కూత తప్ప మాట లేదు. చివరికి ఫణీంద్రకు ఫోను చేసి, పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట అనేసింది.

"బాగోలేదు బాబూ. ఆ గోడ పగలగొట్టించు."

"నేను మిమ్మల్ని రోజంతా చూశానండీ!"

"నువ్వు చూసింది నన్ను కాదు నాయనా, నీకు చేసిన మర్యాదను."

గోడ పడింది. దుమ్ము సర్దుకోకముందే ఆవిడ గోంగూర గిన్నెతో చెయ్యి చాపింది. గిన్నె దేనికో కొట్టుకుని ఖణేల్మంది. ఎదురుగా జైనబ్ కిటికీ లేదు. దాని నిండా ఇటుకలు, పైన ఇంకా తడి ఆరని సున్నం.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో జైనబ్, రొప్పుతూ, చేతిలో మూతపెట్టిన గిన్నెతో.

"ఏందక్కా గా సుత్తె చప్పుడు? నీ గోడ తీస్తున్నవా? మా ఆయన మాది నిన్ననే కట్టించిండు!"

"తీయించమని చెప్పవే."

"సుత్తె చప్పుడు ఇనంగనే చెప్పిన. వాళ్ళకు కిటికీ కావాల్నో గోడ కావాల్నో ముందు తేల్చుకోమను అంటుండు. మొండి మనిషి. జర నీళ్ళియ్యి, మెట్లెక్కి పాణం పోయింది."

అరుగు లేదు కాబట్టి ఇద్దరూ మళ్ళీ తెరుచుకున్న కిటికీ కింద నేల మీదే కూర్చున్నారు. జైనబ్ మోకాళ్ళు ఆ మెట్లకు ఎప్పుడో గానీ ఒప్పుకోవు. రాని రోజుల్లో సీతామహాలక్ష్మిగారు పీట ఎక్కి, చెయ్యి బయటికి చాపి, అవతలి గోడ మీద గరిటెతో తడుతుంది. ఒక్కోసారి అటునుంచి జవాబొస్తుంది. ఒక్కోసారి రాదు.

ఇది గుర్తుంచుకోండి. ఇల్లు బాగుచేయించుకునే వాళ్ళెవరు కనబడినా కూర్చోబెట్టి చెప్పండి. ఫణీంద్రకు మాత్రం చెప్పకండి, సరిదిద్దుతానని వచ్చి మళ్ళీ రోజంతా కూర్చుంటాడు.