ఏడుగురు మనుషులు కావాలి

ఆ సోమవారం ఉదయానికి సతీష్‌కుమార్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. ఐదింటికి లేవాలి. కోర్టు తడిపి రోలరు లాగాలి. ఆరింటికల్లా ఏడుగురు మనుషుల్ని సంపాదించాలి. మొదటి రెండూ పదకొండేళ్లుగా అలవాటైనవే. మూడోదే కొత్త.

రాయపూర్‌కి దగ్గర్లోని ఉక్కు కార్మికుల కాలనీ మరోదా చివర ఉన్న ఆ మట్టి టెన్నిస్ కోర్టులో ఒకప్పుడు ఇరవై మంది పిల్లలు ఆడేవారు. పిల్లల్ని ఆటగాళ్లుగా తయారుచేయడం విచిత్రమైన వృత్తి. బాగా నేర్పితే రాయపూర్ అకాడమీకి పోతారు. సరిగా నేర్పకపోతే లెక్కల ట్యూషన్‌కి పోతారు. ఎటు పోయినా దాటేది ఈ గేటే. ఆఖరికి మిగిలింది కృష్ణప్రియ ఒక్కతే. పదమూడేళ్ల పిల్ల. తండ్రి రాజేంద్ర చరోదా రైల్వే యార్డులో పనిచేస్తాడు. రెండు నెలల్లో రాష్ట్రస్థాయి పోటీలున్నాయి. ఆమెతో ఆడేందుకు జోడీ లేక, ఎడమ మోకాలు మొరాయిస్తున్నా సతీష్‌కుమారే నెట్టుకు అవతల నిలబడి ఆడేవాడు. ఆమె గెలిచిన ప్రతి పాయింటూ అతను ఓడిందే. రోజు మొత్తంలో అతను సంతోషంగా చేసే పని అదొక్కటే.

శనివారం మైదానాల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. సోమవారం ఆరింటికి తనిఖీ. ఎనిమిది మంది శిక్షణార్థులు కళ్లెదుట కనిపించాలి. లేకుంటే కోర్టును స్కూటర్ల పార్కింగుకి ఇచ్చేస్తారు.

"అరే మాస్టర్‌జీ, రిజిస్టర్లో ఏడు పేర్లు లిఖ్ దో. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు టీ బండి సుభాష్.

అది సతీష్‌కుమార్ వల్ల కాదు. తండ్రి జాముల్‌లో సిమెంటు బస్తాలు మోస్తూ ముప్ఫయ్యేళ్లు వేలిముద్రే వేశాడు. ఆ ఇంట్లో మొదట సంతకం నేర్చినవాడు, మొదట డిగ్రీ చదివినవాడు సతీష్‌కుమార్. ఆ సంతకంతో అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. మనుషుల్ని అడగడానికి నోరూ రాలేదు. ఆదివారమంతా ఫోన్ పట్టుకుని కూర్చుని, చివరికి సోమవారం తెల్లవారుజామున పక్కవీధి నూకమ్మకి చేశాడు. మరోదాలో తెలుగువాళ్ల కబుర్లన్నీ ఆవిడ చెవిన పడందే ముందుకి కదలవు.

"పిన్నీ, నేను సతీష్‌ని. ఆరింటికల్లా కోర్టు దగ్గరికి ఏడుగురు మనుషులు కావాలి."

"ఏటైనాది బాబూ?"

"వచ్చాక చెప్తాను. ఫోన్లో చెప్పే విషయం కాదు." ఎందుకో చెప్పడానికి సిగ్గేసింది. వెంటనే ఫోన్ నోరు నొక్కి సంచిలో పడేశాడు. కోర్టులో ఫోన్ మోగకూడదని తల్లిదండ్రులకు నియమం పెట్టింది తనే. దాన్ని పాటించే ఆఖరి మనిషి కూడా తనే.

తరువాతి గంటలో మరోదాలో జరిగింది అతనికి ఆనక ముక్కలు ముక్కలుగా తెలిసింది.

పదకొండేళ్లలో కరివేపాకు రెమ్మైనా అడగని మనిషి తెల్లారకుండా ఏడుగురిని అడిగాడంటే, నూకమ్మకి ఒకటే తోచింది. పరుగున చినబాబు ఇంటికి వెళ్లింది. ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరైన చినబాబు, మరోదాలో ఏ తెలుగింట చావు జరిగినా ముందుండే మనిషి. అయినవాళ్లు శ్రీకాకుళం నుంచి దిగేసరికి రెండో రోజవుతుంది కనుక, కొత్తగుడ్డా కొబ్బరితాడూ ఉన్న సంచి ఆయన గుమ్మం వెనక సిద్ధంగా ఉంటుంది.

"ఒంటరోడు గదా, ఆడింట్లో ఇంకెవులు పోతారు? ఆడే అయ్యుంటాడు," అన్నాడు చినబాబు.

"ఆడే ఫోన్ చేసినాడు గదయ్యా!"

"పోకముందు చేసుంటాడు. పద్ధతైన మనిషి."

పద్నాలుగు సార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. క్వార్టరు తలుపు లాగితే దానంతటదే గొళ్లెం పడే రకం. కొట్టినా పలుకు లేదు. చినబాబు గునపం తెచ్చాడు. మూడో దెబ్బకి తలుపు ఊడి లోపలికి పడింది.

లోపల ఎవరూ లేరు. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. గోడ నిండా మాత్రం పిల్లల ఫొటోలు. ప్రతి ఫొటో కింద ఒక తేదీ, కొన్నింటికి దండల్లా పతకాలు. చినబాబు భార్య గున్నమ్మ అవి చూసి గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, ఇంతమంది పిల్లలు పోనారా! ఇంత దుఃఖం కడుపులో పెట్టుకుని ఎలా తిరిగినాడ్రా నాయనా!"

నిజానికి అవి వాళ్లు కోర్టు మానేసిన తేదీలు. పిల్లలంతా నిక్షేపంగా ఉన్నారు. కొందరు రాయపూర్‌లో, ఎక్కువమంది లెక్కల ట్యూషన్‌లో.

ఇక్కడ కోర్టులో ఆరు గంటలకు పార్థసారథి స్కూటరు దిగాడు. కొత్తగా చేరిన ఆఫీసరు. చేతిలో ఫైలుంది. "ఒక్క అమ్మాయే ఉందండీ. మిగతా ఏడుగురూ?"

"వస్తారు సార్."

ఆరుంపావు దాటింది. కృష్ణప్రియ సర్వీసు చేస్తోంది. సతీష్‌కుమార్ ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను గేటు మీద పెట్టి ఆడి, రెంటినీ పోగొట్టుకుంటున్నాడు. పార్థసారథి కలం మూత తీశాడు.

అప్పుడు గేటు తెరుచుకుంది. ఏడుగురు కాదు, ఇరవై ముగ్గురు. మగవాళ్లు తెల్లపంచెల్లో, భుజాన తువ్వాళ్లతో, తలలు వంచుకుని. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని. ఇంట్లో దొరకని శవం ఇక్కడైనా ఉంటుందని, ముందు సంచితో చినబాబు.

"సర్, యే లోగ్ కౌన్ హై?" అంది కృష్ణప్రియ భయంగా.

నూకమ్మ ఒక్క అంగలో వచ్చి సతీష్‌కుమార్ వీపు మీద చరిచింది. "బతికే ఉన్నావేటిరా! ఫోన్ ఎత్తడానికి చేతులు పడిపోనాయా?" అంటూనే ఏడ్చేసింది.

తన కోసం ఇంతమంది ఏడుస్తూ రావడం అతను ఎన్నడూ ఎరగడు. ఏం చేయాలో తెలియక రాకెట్‌ను వీపు వెనక దాచుకున్నాడు.

"వీళ్లంతా మీ శిక్షణార్థులేనా?" అన్నాడు పార్థసారథి.

అవునంటే చాలు. "కాదు సార్," అన్నాడు సతీష్‌కుమార్. నోటీసు సంగతీ, పార్కింగు సంగతీ, అడగడానికి సిగ్గుపడిన సంగతీ అందరి ముందూ చెప్పేశాడు.

"ఇంతేనా? ఈపాటి దానికి తలుపు ఇరగ్గొట్టీసినానేట్రా!" అన్నాడు చినబాబు.

"ఏ తలుపు?"

చినబాబు గబుక్కున ఆఫీసరు వైపు తిరిగాడు. "బాబూ, ఆ కాయితంలో వయసేటైనా రాసినారా?"

పార్థసారథి ఫైలు రెండుసార్లు చదివాడు. "శిక్షణార్థులు అని మాత్రమే ఉందండీ."

"ఐతే నాను రాస్తాను పేరు. రేపట్నుంచి రోజూ వస్తాను. మాటంటే మాట."

ఆయన వెనక పదిహేడు మంది వరసకట్టి సంతకాలు పెట్టారు. ఆడితే కానీ ఒప్పుకోనన్నాడు ఆఫీసరు. కృష్ణప్రియ ఒక్కొక్కరికీ మెల్లగా బంతి వేసింది. గున్నమ్మ రాకెట్‌ను చీపురులా పట్టుకుని ఊడ్చి కొట్టిన దెబ్బకి బంతి వెళ్లి స్కూటరు అద్దం పగలగొట్టింది. పార్థసారథి అద్దం వైపు చూశాడు, బంతి వైపు చూశాడు. 'శిక్షణ ఉత్సాహంగా సాగుచున్నది' అని రాసి సంతకం చేశాడు.

కోర్టు మిగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య, నైట్ డ్యూటీ దిగి కూతురి కోసం వచ్చిన రాజేంద్ర గేటు దగ్గరే నిలబడిపోవడం సతీష్‌కుమార్ చూశాడు.

"మాస్టర్‌జీ, ఒక మాట," అన్నాడు రాజేంద్ర, అతన్ని పక్కకి పిలిచి. "రాయపూర్ పంపకుండా ఇన్నాళ్లూ ఎందుకాపినానో ఎరుకా? అక్కడ నలభై మందిలో మా పిల్ల ఒకర్తి. ఇక్కడ మీరొక్కరు, పిల్ల ఒకర్తి. ఇప్పుడిక్కడా జనం భీడే అయిపోనాది. అక్కడ కోర్టులైనా నాలుగున్నాయి."

"వీళ్లు ఒక గంటే ఉంటారు రాజేంద్రా. ఆ తర్వాత కోర్టు మీ పిల్లదే."

"సరే, మీరే చెప్పండి. రాయపూర్‌లో దానికి మీకన్నా గట్టి జోడీ దొరుకుతాదా?"

దొరకదంటే చాలు. సతీష్‌కుమార్ తన మోకాలు వైపు చూసుకున్నాడు. "దొరుకుతుంది," అన్నాడు.

శుక్రవారం కృష్ణప్రియ వచ్చి కాళ్లకు దండం పెట్టింది. "సర్, గున్నమ్మ ఆంటీకి బ్యాక్‌హ్యాండ్ ఇప్పుడే చెప్పకండి. పహలే రాకెట్ పట్టుకోవడం రావాలి," అంది. తండ్రి బండి వెనక కూర్చుని గేటు దాటేవరకు చెయ్యి ఊపుతూనే ఉంది. అతను రోలరు లాగుతున్నాడు కనుక చెయ్యి ఊపడం కుదరలేదు. ఆ రోజు కోర్టు మొత్తాన్నీ రెండుసార్లు చదును చేశాడు.

మర్నాడు ఆరింటికి ముందే పద్దెనిమిది మందీ గేటు దగ్గరున్నారు. చినబాబు కొత్త తెల్లబూట్లు వేసుకొచ్చాడు. "మాస్టారూ, మనవెప్పుడు పోటీలకి వెళ్తాం?" అన్నాడు.

"ముందు కింద పడ్డ బంతి తీసుకోవడానికి వంగడం నేర్చుకుందాం బాబాయ్," అన్నాడు సతీష్‌కుమార్.

ఆ పాఠం ఇప్పటికి మూడో వారం నడుస్తోంది.