తదేయుష్ పేరుకు అనుమతి

మనిషి జ్ఞాపకం జాతి సంపద. అంతటి సంపదను మనిషి దగ్గరే వదిలేయడం క్షేమం కాదని అమెరికాలో, టైటస్‌విల్‌లోని వలస అంతరిక్ష స్మృతుల పరిరక్షణ కార్యాలయం తీర్మానించింది. పరాయి దేశాల నుంచి వచ్చి రాకెట్ల దగ్గర పనిచేస్తూ ముసలివాళ్లయిన వారిని (కార్యాలయ భాషలో ‘తరిగిపోతున్న వక్తలు’) ఒక్కొక్కరినే పిలిచి, పల్చటి కాఫీ ఇచ్చి, మైకు ముందు కూర్చోబెట్టడం మొదలుపెట్టింది.

క్యూబా నుంచి వచ్చిన లిబోరియో అరెన్సిబియా వంతు వచ్చింది. ఆయనకు ఎనభై దాటాయి. ఉదయాన్నే ఇస్త్రీ చొక్కా తొడిగి, అద్దం ముందు మీసం దువ్వుకుంటుంటే భార్య ఓదాలిస్ తలుపుకి ఆనుకుని చూసింది.

“ఏమయ్యా, గొప్పలు చెప్పుకోవడానికి ఇంత ముస్తాబా?”

“నా గొప్పలు కాదే. తదేయుష్ గురించి చెప్పాలి. వాడి పేరు ఎక్కడా లేదు.”

కార్యాలయంలో హోలిస్ బ్రాంట్ అనే అధికారిణి చిరునవ్వుతో మైకు సర్దింది. లిబోరియో మొదలుపెట్టాడు. ఆ రోజు రాకెట్ ఎగరబోయే ముందు కౌంట్‌డౌన్ లెక్క నడుస్తోంది. ఆయన ముందున్న మీటరు ముల్లు ఉన్నట్టుండి పడిపోయింది. ఇంధనం కారుతోంది! కంగారులో ఇంగ్లీషు ఎగిరిపోయి స్పానిష్‌లో అరిచాడు. పక్క కుర్చీలోంచి అదే ముల్లు చూస్తున్న పోలండ్ మనిషి తదేయుష్ వ్రోనాకు మాత్రమే సంగతి అర్థమైంది. అతనూ అరిచాడు, కానీ పోలిష్‌లో.

“మేమిద్దరం కొట్టుకుంటున్నామనుకుని, ముందు వీళ్లను విడదీయండిరా అంటూ మా పై అధికారి లెక్క ఆపించాడమ్మా. ఆపాక చూస్తే నిజంగానే కారుతోంది! తదేయుష్ లేకపోతే...”

బ్రాంట్ మర్యాదగా చెయ్యెత్తింది. “అద్భుతం. అయితే ప్రస్తావనకు వచ్చిన వ్యక్తి సమ్మతి సంతకం కావాలండి.”

“వాడు పోయి చాలా ఏళ్లయింది.”

“అయ్యో, నా సానుభూతి. ఆ సంగతి ఆయనే ధ్రువీకరిస్తూ సంతకం చేశారా?”

లిబోరియో ఆమె ముఖంలో నవ్వు కోసం వెతికాడు. దొరకలేదు.

“వారసులెవరైనా?”

“పెళ్లి చేసుకోలేదు. ప్రతి ఆదివారం మా ఇంట్లోనే తినేవాడు. మా ఆవిడ వంటకి వంకలు పెట్టేవాడు.”

“భోజనం చట్టబద్ధమైన బంధుత్వం కాదండి.” (ఈ అంశం మీద కార్యాలయానికి ప్రత్యేక ఉపసంఘం ఉంది.) “పోనీ, ‘ఒక సహోద్యోగి’ అనండి. చాలామంది అలాగే సర్దుకున్నారు.”

“నేను శవపేటిక మోసింది ఒక సహోద్యోగిది కాదమ్మా. తదేయుష్ వ్రోనాది.”

రికార్డు చేసే యంత్రం బీప్ అంది. సమ్మతి లేదని తేలాక ఆ పేరు వినపడితే అలా బీప్‌తో కప్పేయమని దానికి నేర్పారు. ఆయన మళ్లీ అన్నాడు. మళ్లీ బీప్. కుర్చీలోంచి లేచి, మైకు దగ్గరికి వంగి, ఊపిరాడినంతసేపూ ఆ పేరే అన్నాడు. ఆగని బీప్ విని పక్క గదిలోని వాళ్లు అగ్నిప్రమాదమనుకుని క్రమశిక్షణగా మెట్లు దిగి ఆవరణలో వరుసగా నిలబడ్డారు.

అందరూ తిరిగొచ్చాక బ్రాంట్ గొంతు తగ్గించి, నిజమైన దయతో చెప్పింది. “ఒక మార్గముందండి. వక్త మరణానంతరం ఈ నిబంధన వర్తించదు. అప్పుడు అన్ని పేర్లూ యథాతథంగా విడుదల చేస్తాం.”

“అంటే నేను పోతే వాడి పేరు వస్తుందా?”

“వెంటనే. అలాంటివాటికి ప్రాధాన్యమిస్తాం.”

ఇంటికొచ్చి చెబితే ఓదాలిస్ చేతిలోని గరిటె దించలేదు. “వాడికి బతికుండగా నీ పక్కన కూర్చున్న పాపం చాలదా? కూర్చో, అన్నం తిను. ఇప్పట్లో చచ్చి వాళ్లకి ఆ సాయం చెయ్యక్కర్లేదు.”

ఆయన తిన్నాడు. మంగలి షాపులో, చర్చి మెట్ల మీద, డొమినో ఆట ఆడే బల్ల దగ్గర, విన్నవాళ్లకీ విననివాళ్లకీ తదేయుష్ పేరు చెబుతూ తిరిగాడు.

కార్యాలయం ఆయన్ను మరిచిపోలేదు. ఏటా పుట్టినరోజుకు బ్రాంట్ స్వయంగా ఫోన్ చేస్తుంది. నిరుడు కూడా చేసింది.

“మిస్టర్ అరెన్సిబియా ఉన్నారా?”

“ఉన్నానమ్మా, నేనే.”

“ఓ...” అంది ఆమె. “పర్వాలేదండి. వచ్చే ఏడు మళ్లీ ప్రయత్నిస్తాం.”