దుర్గాసాయి ఏడుపు సినిమా

వరసగా హాస్య చిత్రాలే తీసిన దర్శకుడు దుర్గాసాయి ఆ ఉదయం రాజమండ్రి లాడ్జిలో గడ్డం గీసుకోలేదు. విషాద కథ వినిపించబోయేవాడు నున్నగా కనబడితే బాగుండదనిపించింది. ఈ ఒక్క సినిమాతోనైనా తనను పెద్ద దర్శకుల్లో లెక్కేస్తారని ఆశ. నిడదవోలులో నిర్మాత పల్లంరాజు ఇంటికి వెళ్లి, కథ చెప్పి ఒప్పించి, సాయంత్రానికి తిరిగి రావాలనుకున్నాడు.

పల్లంరాజు కథ వినడానికి బంధువులందర్నీ పిలిచి కూర్చోబెట్టాడు. ఉప్పాడలో కథానాయకుడి ఇల్లు సముద్రంలో కలిసిపోతుందని దుర్గాసాయి చెప్పగానే అందరూ పకపకా నవ్వారు. ఆ దిగులుతో అతని తల్లి పోతుందన్నాడు. పల్లంరాజు భార్య రామతులసి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఇది హాస్యం కాదండీ అని చెబితే, ఆ చెప్పిన తీరుకీ నవ్వారు. మిగతాది భోజనాలయ్యాక విందామని పల్లంరాజు లేచాడు. నవ్వీ నవ్వీ ఆకలేసిందట.

విస్తట్లో పులస చేప పులుసు. దిగులు మీదున్న దుర్గాసాయి చూసుకోకుండా మింగేశాడు. ముల్లు గొంతులో అడ్డం పడింది. మాట రాలేదు. కళ్లు తేలేసి, మెడ పట్టుకుని, చేతులతో సైగలు చేశాడు. ఇల్లంతా ఘొల్లున నవ్వింది. పెరట్లోకి పరిగెడితే ఫోన్లు పట్టుకుని వెనకే వచ్చారు. గోడ మీంచి పక్కింటివాళ్లూ తొంగిచూశారు. తొట్టిలో నీళ్లు తాగబోతే అక్కడున్న గేదె తలతిప్పి అతన్ని ఎగాదిగా చూసింది. దానికీ చప్పట్లు కొట్టారు. తన ప్రాణం ఈ చప్పట్ల మధ్యే పోయేలా ఉందని దుర్గాసాయికి నిజంగా భయమేసింది.

పల్లంరాజు తల్లి పెద్దింట్లమ్మకు చూపు ఆనదు. అతని సైగలేవీ కనబడని ఆవిడకు, ఆ గొంతులోంచి వచ్చే గురగుర మాత్రం వినబడింది.

"ఆ అబ్బాయికి ముల్లు గుచ్చుకుందర్రా. నవ్వుతారేంటి?"

ఆవిడే తడుముకుంటూ వచ్చి వీపు చరిచి, ఉత్త అన్నం ముద్ద మింగించింది. ముల్లు దిగింది.

అందరూ సిగ్గుపడి లోపల కూర్చున్నారు. దుర్గాసాయి నీళ్లు నిండిన కళ్లతో, బొంగురు గొంతుతో మిగతా కథ చెప్పాడు. ఈసారి ఒక్కరూ నవ్వలేదు. రామతులసి వెక్కి వెక్కి ఏడ్చింది. పల్లంరాజు కండువాతో ముక్కు తుడుచుకుని, సినిమా తీస్తున్నామన్నాడు. దుర్గాసాయికి గుండె నిండిపోయింది.

సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చిన పల్లంరాజు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కథలో ఏదీ కదపొద్దండి. ఇంటర్వెల్ ముందు మాత్రం ఆ ముల్లు సీను పెట్టండి."

"అది సీను కాదండి. నేను చచ్చిపోబోయాను."

"అందుకేనండి, అంత బాగా వచ్చింది."

దుర్గాసాయి పెరటి వైపు చూసి, అలాగైతే ఆ గేదెను మాత్రం మార్చొద్దన్నాడు.