ఏడాదికి సగం బర్రె

"మన బర్లను ఇగ ఎయిర్‌పోర్టు నుంచే కాపాడుకుంటం!" అని మా డివిజన్ అధ్యక్షులు ప్రహ్లాద్ గారు కిషన్‌బాగ్ చౌరస్తాలో జరిగిన విలేకరుల సమావేశంలో ప్రకటించారు. సమావేశానికి ఒక విలేకరి వచ్చాడు. వెనకాల ఫ్లెక్సీ మీద, "ప్రీమియం ట్రావెల్ కార్డుకు దరఖాస్తు చేసిన సాహసనేతకు హార్దిక శుభాకాంక్షలు" అని ఉంది. కార్డు ఇంకా రాలేదు. కార్యం జరిగాక అభినందించడం ఎవరైనా చేస్తారు.

గొప్ప ఆలోచన వినగానే అర్థం కాదు. అర్థమయ్యాక గొప్పగా మిగలదు. ప్రహ్లాద్ గారి ఆలోచనలు మొదటి దశ దాటి ఎన్నడూ ముందుకు పోలేదు. అందువల్ల ఈ ఒక్కదాన్ని వివరించే బాధ్యత నా మీద పడింది.

మా ఇంటి ఎదురుగా రాజమణి కొట్టం ఉంది. ఆమె మామగారి కాలం నుంచి అక్కడ బర్రెలున్నాయి. స్థలం సర్కారుది, బర్రెలు ఆమెవి, పాలు మా గల్లీ అందరివి. ఎండాకాలం మొదట్లో ఎవరో వచ్చి కొట్టం తలుపుకు నోటీసు అంటించి వెళ్ళారు. బడిపంతులుగా రిటైరైనవాణ్ణి గనుక చదివే పని నాకు వచ్చింది. నగరంలో పశువులు నివసించరాదు, నగరం వెలుపలికి తరలిపోవలెను అన్నది దాని సారాంశం.

"ఎలుపల అంటే ఏడ సారూ?" అంది రాజమణి.

"రింగు రోడ్డు అవతల."

"ఆడ పాలెవరు కొంటరు?"

"అది నోటీసుల లేదమ్మా."

నోటీసును ఆపగలవారు ఒక్కరే, నగర శోభా శాఖ మంత్రిగారు. ఆయన నియోజకవర్గంలో ఉంటారు గనుక ఆఫీసులో దొరకరు. ఢిల్లీలో ఉంటారు గనుక నియోజకవర్గంలో దొరకరు. తిరుగు ప్రయాణంలో ఉంటారు గనుక ఢిల్లీలోనూ దొరకరు. ఇవన్నీ తీసివేయగా మిగిలిన చోటు ఒక్కటే అని ప్రహ్లాద్ గారు కనుగొన్నారు. అది విమానాశ్రయంలోని లాంజ్. అక్కడ మెత్తటి కుర్చీలుంటాయి, ఉచితంగా ఉప్మా ఉంటుంది, మంత్రిగారు తప్పించుకుపోయే దారి ఉండదు. లోపలికి పోవాలంటే మాత్రం ప్రీమియం కార్డు కావాలి. ఇంత శుద్ధమైన తర్కం నేను పుస్తకాలలో కూడా అరుదుగా చూశాను.

కార్డు ప్రహ్లాద్ గారి పేరు మీద, వార్షిక రుసుము మా బస్తీ పాడి సంఘం పేరు మీద ఉండాలని సంఘం సమావేశంలో ప్రతిపాదన వచ్చింది.

"ఫీజు ఎంత తమ్మీ?" రాజమణి అడిగింది.

"ఎక్కువేం కాదక్కా. ఏడాదికి ఒక సగం బర్రె."

"ముందటి సగమా, ఎనకటి సగమా?"

"ఏమంటున్నవక్కా?"

"ముందటి సగం మేస్తది. ఎనకటి సగం పాలిస్తది. మన వంతుకు ఏది వస్తది?"

ప్రహ్లాద్ గారు తొణకలేదు. "ఫస్ట్ ఇయర్ మేపాలె అక్కా. రివార్డ్ పాయింట్లు ఎనక నుంచి వస్తయ్."

"పాయింట్లకు దాణా ఇస్తరా?"

"విమానం టికెట్ ఇస్తరు."

"బర్లకా?"

"అక్కా, నువ్వు లొల్లి పెట్టకు. కార్డున్నోనితోని ఒక గెస్టు ఫ్రీ. నిన్నే తీస్కపోత. మంత్రి ముంగట నిలబడి నీ నోటితోనే చెప్పుకో. ఇగ నీకేం ఫికర్?"

ఆ చివరి మాటకు రాజమణి మెత్తబడింది. ఆమె మెత్తబడితే సంఘం మెత్తబడినట్టే. తీర్మానం నెగ్గింది.

దీపావళికి ముందు కార్డు వచ్చింది. నల్లటి లోహపు కార్డు. బల్ల మీద వేస్తే ఖణేల్‌మని మోగింది. సంఘంలో అందరికంటే పెద్దవాడైన బుచ్చయ్య తాత దాన్ని చేతిలో తూచి, "అర్రతలుపు గొళ్ళానికి మస్తు పనికొస్తది" అన్నాడు. కార్డు గురించి నేను విన్న అభిప్రాయాలలో స్పష్టమైన ప్రయోజనాన్ని సూచించింది అదొక్కటే.

ఇక్కడ మా సంఘం ఆచారం ఒకటి చెప్పాలి. సంఘం సొమ్ముతో ఏ కొత్త వస్తువు కొన్నా, ఆ ఏడు దీపావళి వెళ్ళగానే వచ్చే సదర్, అంటే దున్నపోతుల పండుగకు, దున్నపోతు నుదుటికి కట్టి ఊరేగించాకే వాడకంలోకి తీసుకుంటారు. పాల చిక్కదనం చూసే మిషన్‌ను అట్లాగే కట్టారు. ఆటో ట్రాలీ కొన్నప్పుడు తాళంచెవి కట్టారు. ఈసారి కార్డు కట్టాలి. దానికి రంధ్రం లేదు.

ప్రహ్లాద్ గారు, నేను లాడ్ బజార్ వెళ్ళాము. గాజుల దుకాణంలో లక్క మీద రాళ్ళు పొదిగే ఉస్తాద్ ఒకాయన కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, బెజ్జం ఎక్కడ వేయాలని అడిగాడు.

"ఛేద్ కిదర్ మారూ, సాబ్?"

ప్రహ్లాద్ గారు కార్డును పరిశీలించారు. ఎడమ పక్కన బంగారు రంగులో చిన్న చతురస్రం మెరుస్తోంది. బెజ్జం కోసం కంపెనీవాళ్ళే గుర్తు పెట్టి ఇచ్చారని ఆయన తేల్చారు. "దేఖో ఉస్తాద్, కంపెనీవాలే ఖుద్ నిశాన్ లగాకే దియే. గోల్డ్ మే. ఇదరిచ్ మారో."

"పక్కా? బాద్ మే మేరెకు నక్కో బోలో" అని, తర్వాత తనను అనవద్దని ఉస్తాద్ ముందే చెప్పుకున్నాడు.

"అరే మారో భాయ్!"

ఉస్తాద్ బంగారు చతురస్రానికి నట్టనడుమ బెజ్జం వేశాడు. అంచు గీరుకోకుండా చుట్టూ లక్క పెట్టి, ఎర్రరాళ్ళు పొదిగాడు. లోహం గట్టిదని ఒకసారి, పని బాగా కుదిరిందని ఒకసారి ప్రహ్లాద్ గారు ఆయనను మెచ్చుకున్నారు.

రాజమణి పెంచిన దున్నపోతు పేరు బాద్‌షా. నూనె పట్టించిన నల్లటి ఒళ్ళు, మెడలో గవ్వలు, కొమ్ములకు నెమలీకలు, నుదుటి మీద కార్డు. ముఖ్య అతిథి ముందు అది మోకరిల్లుతుంది. నేతలు తెల్ల టవలు పరిచిన సోఫాలో కూర్చుంటారు గనుక, తెల్ల టవలు కనపడగానే మోకాళ్ళు వంచేలా రాజమణి దానికి బెల్లం పెట్టి నేర్పింది. సదర్ సాయంత్రం ప్రహ్లాద్ గారు ఆలస్యంగా వచ్చారు. ఆయన రాకముందే బాద్‌షా ఖాళీ సోఫాకు మోకరిల్లింది. జనం ఈలలు వేశారు, డప్పులు మోగాయి. ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు.

ఆ తర్వాతి వారమే మంత్రిగారు ఢిల్లీ విమానం ఎక్కుతున్నారని తెలిసింది. లాంజ్ దాకా పోవాలంటే మా చేతిలోనూ విమానం టికెట్లు ఉండాలి. అన్నింటికంటే చవకగా విజయవాడకు దొరికాయి. ప్రహ్లాద్ గారు, రాజమణి, వినతిపత్రం రాసినవాణ్ణి గనుక నేను, ముగ్గురం బయల్దేరాము. పాయింట్లతో టికెట్లు రాలేదు. పాయింట్లు రావాలంటే ముందు కార్డుతో ఖర్చు పెట్టాలట. కార్డును అప్పటివరకు చూపించడమే తప్ప వాడలేదు.

లాంజ్ కౌంటర్లో ప్రీతి అని బ్యాడ్జి పెట్టుకున్న అమ్మాయి నవ్వుతూ కార్డు అందుకుంది. నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారాయి.

"సార్, వెరిఫికేషన్‌కి రెండు రూపాయలు కట్ అవుతాయి."

"రెండేంది బిడ్డా, పది తీస్కో."

మిషన్ ఎర్రగా వెలిగింది. ఆమె మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్రగా వెలిగింది.

"సార్, ఇందులో చిప్ ఏది?"

"గిదే."

"ఇది రంధ్రం సార్."

"అవును. గా రంధ్రంలనే ఉండె."

అమ్మాయి సూపర్‌వైజర్‌ను పిలిచింది. సూపర్‌వైజర్ రంధ్రంలోంచి మా ముగ్గురినీ ఒకసారి చూసి కార్డు తిరిగి ఇచ్చాడు. ఈలోగా తెరుచుకున్న తలుపులోంచి నేను లోపలికి తొంగి చూశాను. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు, అందరి చేతుల్లో వినతిపత్రాలున్నాయి, అందరి చూపులూ తలుపు మీదనే ఉన్నాయి. ప్రహ్లాద్ గారి తర్కం నిజంగా దోషం లేనిది. ఈ నగరంలో ప్రతి డివిజన్ అధ్యక్షుడూ దాన్ని కనుగొన్నాడు.

రాజమణి మాత్రం మంచినీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి వెంటనే తిరిగొచ్చింది. "సారూ, గా నల్లా పక్కన కూసున్నాయన ఫ్లెక్సీలల్ల ఉండే మంత్రి లెక్కనే ఉన్నడు."

మంత్రిగారే. ఇనుప కుర్చీలో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బాలో పెరుగన్నం తింటున్నారు. "సార్‌కు లోపల సీటు దొరకలేదు" అని పీఏ మెల్లగా చెప్పాడు.

రాజమణి రెండు చేతులూ జోడించింది. "దండం సారూ. కిషన్‌బాగ్ల మా మామ కట్టిన కొట్టం. బర్లను రింగు రోడ్డు అవతలికి తోలమంటున్రు. ఆడికి పోతే అవి బతుకుతయేమో, నేను బతుక. జర కొట్టం ఉండనియ్యున్రి."

మంత్రిగారు వింటున్నట్టే కనిపించారు. చూపు మాత్రం ప్రహ్లాద్ గారి చేతి మీద ఉంది.

"అదేం కార్డయ్యా?"

"ప్రీమియం సార్."

"ప్రీమియం నా దగ్గరా ఉంది. ఈ రంధ్రం, ఈ రాళ్ళు... ఇదేం వేరియంట్?"

పుట్టుకతో నాయకుడైనవాడికే ఇలాంటి క్షణంలో జవాబు తడుతుంది. "లిమిటెడ్ ఎడిషన్ సార్."

మంత్రిగారు జేబులోంచి తన కార్డు తీశారు. చదునుగా, నిండుగా, ఎక్కడా ఏ లోపమూ లేకుండా ఉంది. ఒక కార్డును అంత దిగులుగా చూసిన మనిషిని నేను చూడలేదు.

"మీ బస్తీలో లాంజ్ ఉందా?"

"లేదు సార్."

"ఇంత పెద్ద కార్డున్న బస్తీలో లాంజ్ లేకపోవడమేంటయ్యా! ఏదీ ఆ కాగితం?"

రాజమణి వినతిపత్రం ఇచ్చింది. ఆయన దాని మీద ఆకుపచ్చ సిరాతో, "వెంటనే లాంజ్ మంజూరు చేయవలెను" అని రాసి సంతకం పెట్టారు. విజయవాడలో మా ముగ్గురిలో ఎవరికీ పని లేనందువల్ల విమానం మమ్మల్ని వదిలేసి వెళ్ళింది.

ఇంటికి తిరిగొచ్చే బస్సులో రాజమణి అడిగింది. "పనైనట్టేనా తమ్మీ?"

"మంత్రి సంతకం పడ్డదక్కా! ఇంకేం కావాలె?"

వినతిపత్రంలో ఉన్న స్థలం ఒక్కటే, రాజమణి కొట్టం. కాబట్టి లాంజ్ అక్కడికే మంజూరైంది.

పనులు జరిగిన వేగాన్ని చూస్తే ప్రభుత్వాలు నిదానమని ఎవరన్నారో తెలియలేదు. కొట్టం రేకులు తీసి అద్దాలు పెట్టారు. పేడ అలికిన నేల మీద గ్రానైట్ పరిచారు. బర్రెలు గల్లీలో మా గోడ పొడవునా నిలబడి తమ ఇల్లు అందంగా మారడాన్ని నెమరువేస్తూ చూశాయి. మేత సరిగ్గా అందక రెండింటిని రాజమణి అమ్మేసింది. సదర్ దాటాక మిగిలినవాటిని రింగు రోడ్డు అవతలికి తోలాలని కొత్త నోటీసు వచ్చింది. ఈసారి దాన్ని అద్దానికి అంటించారు.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు మెడలో పట్టుదారానికి కార్డు వేసుకుని వచ్చారు. దానికి రంధ్రం ఉంది. చుట్టూ పచ్చరాళ్ళు. అప్పటికే లాడ్ బజార్ ఉస్తాద్ దుకాణం ముందు పెద్దవాళ్ళ కార్లు బారులు తీరుతున్నాయని విన్నాను. రంధ్రం లేని కార్డు సామాన్యుల కార్డు అనే సూత్రం నగరమంతా స్థిరపడింది. లాంజ్ తలుపు మీద బోర్డు పెట్టారు: "రంధ్రము గల కార్డుదారులకు మాత్రమే ప్రవేశము. ఒక అతిథి ఉచితము. రెండు గంటలకు మించి ఉండరాదు." మిషన్‌కు కరెంటు కనెక్షన్ ఇంకా రాలేదు గనుక గార్డు నగేష్ రంధ్రాన్ని కంటితో చూసి పంపాలి. అతను తలుపు దగ్గర పొద్దంతా కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. మా గల్లీ నుంచి ఎక్కడికీ విమానం లేదు.

మళ్ళీ దీపావళి వచ్చింది. రెండో ఏటి రుసుము కట్టమని బ్యాంకు నుంచి ప్రహ్లాద్ గారికి మెసేజ్ వచ్చింది. ఆయన దాన్ని సంఘానికి పంపి, "ఈసారి కార్పొరేటర్ టికెట్ నాదే. కార్డు లేకుంటే బస్తీ ఇజ్జత్ పోతది" అని కింద రాశారు. కట్టాలా వద్దా అన్నది సదర్ రోజే తేల్చుదామనుకున్నారు.

"సారూ, మీరు చదువుకున్నోళ్ళు. చెప్పున్రి. గింత ఫీజుకు అది తగునా?" అని రాజమణి నన్ను అడిగింది.

ఒక వస్తువు విలువ దాని వాడకంలో ఉందా, దాన్ని చూసేవారి కళ్ళలో ఉందా అని నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నానని చెప్పాను.

"మంచిది. మీరు ఆలోచించుండ్రి" అని ఆమె సంఘం బల్ల మీదున్న కార్డు తీసుకుని బాద్‌షా నుదుటికి కట్టింది. ఆచారం ప్రకారం ఒక వస్తువును రెండోసారి కట్టరు. ఎవరూ అడ్డుచెప్పలేదు.

ఊరేగింపు మా గల్లీలోకి వచ్చింది. చౌరస్తా వేదిక మీద ప్రహ్లాద్ గారు తెల్ల టవలు సోఫాలో ఈసారి సమయానికే కూర్చుని ఉన్నారు. డప్పులు మోగుతున్నాయి. లాంజ్ ముందుకు రాగానే బాద్‌షా ఆగింది. రాజమణి తాడు లాగలేదు. అది తల తిప్పి, మెట్లెక్కి, తలుపు ముందు నిలబడింది.

నగేష్ లేచాడు. బాద్‌షాను చూశాడు. బోర్డు చూశాడు. తర్వాత దాని నుదుటి మీద ఎర్రరాళ్ళ నడుమ ఉన్న రంధ్రాన్ని చాలాసేపు చూశాడు. ఉద్యోగం కొత్తది, నియమం స్పష్టంగా ఉంది. సెల్యూట్ చేసి తలుపు తెరిచాడు.

బాద్‌షా లోపలికి వెళ్ళింది. అతిథిగా రాజమణి వెళ్ళింది.

గది నిండా సోఫాలు, ప్రతి సోఫా మీద తెల్ల టవలు. మేమంతా అద్దాలకు ముఖాలు ఆనించి, అది ఎన్నిసార్లు మోకరిల్లాలోనని జాలిపడ్డాము. అది ఒక్కదానికీ మోకరిల్లలేదు. సోఫాల మధ్య నుంచి నడిచి, ఒకప్పుడు తన కుడితి తొట్టి ఉన్న మూలకు పోయి, గ్రానైట్‌ను ఒకసారి వాసన చూసి, పడుకుంది. రాజమణి దాని పక్కనే కింద కూర్చుని మెడ గోకసాగింది. గల్లీలో మిగిలిన బర్రెలు ఒక్కొక్కటే మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.

చౌరస్తా నుంచి ప్రహ్లాద్ గారి గొంతు మైకులో వినిపిస్తూనే ఉంది. "బాద్‌షా ఏడుంది? అన్నా, బాద్‌షాను తోలుకరాన్రి! గెస్టు ఈడ ఎదురుచూస్తున్నడు!"

నగేష్ గడియారం చూసుకుని, తలుపులోంచి తల లోపలికి పెట్టాడు.

"అమ్మా, లాంజ్ల రెండు గంటలే ఉండాలె."

రాజమణి తల ఎత్తలేదు.

"నాకెందుకు చెప్తవ్ బిడ్డా? నేను గెస్టును. కార్డు దానిది. దానికే చెప్పుకో."