సవరణ ఎరగని పత్రిక

మా దినపత్రికకు నూరేళ్లు నిండాయి. ఈ మాటను పాఠకులు మంచి అర్థంలోనే తీసుకోవాలని యాజమాన్యం కోరుతోంది.

ఈ నూరేళ్లలో మా పత్రిక ఒక్క సవరణ కూడా ప్రచురించలేదు. తప్పులు రాయలేదని కాదు. రాసిన తప్పును తప్పుగా వదిలేయలేదని అర్థం.

వెనకటి సంపాదకుల హయాంలో, నది మీది పాత వంతెన కూలిందని మొదటి పేజీలో రాశాం. వంతెన కూలలేదు. ఆ ఉదయం జనం పేపరు చేత్తో పట్టుకుని, కూలిన వంతెనను చూడటానికి ఆ వంతెన మీదుగానే నడిచి వెళ్లారు. వేరే పత్రికలైతే చింతిస్తున్నామని ఒక మూల వేసి చేతులు దులుపుకునేవి. మేం రెండు రోజులు ఆగి, “కూలిన వంతెనకు రికార్డు వేగంతో పునర్నిర్మాణం” అని రాశాం. ఇంజనీరుకు పదోన్నతి వచ్చింది. ఆయన కాదనలేదు. ఒక మంత్రి రాజీనామా చేశారని రాసినప్పుడూ అంతే. ఆయన చేయలేదు. మర్నాడు “ప్రజల ఒత్తిడితో రాజీనామా ఉపసంహరణ” అని వేశాం. ప్రజలకు తన మీద అంత ప్రేమ ఉందని మంత్రికి అప్పుడే తెలిసింది. ఎన్నికల్లో ఓడిపోయేదాకా నమ్మారు.

ఈ పద్ధతిని ఆఫీసులో ‘ముందుకు దిద్దడం’ అంటారు. కొత్తగా చేరినవారికి అన్నిటికన్నా ముందు ఇదే నేర్పుతారు.

శతజయంతి ఏర్పాట్లు జరుగుతుండగా ఒక బుధవారం, సైకిళ్ల దొంగ పట్టుబడ్డాడన్న వార్త వచ్చింది. ఫోటోల సొరుగులో చేయి పెట్టిన డెస్క్ ఇన్‌చార్జికి ఒక లెక్కల మాస్టారి ఫోటో తగిలింది. ఏనాడూ సెలవు పెట్టని ఉపాధ్యాయుడంటూ బడివాళ్లు ఎప్పుడో పంపారు. చోటు లేక వేయలేదు. ఇప్పుడు చోటు దొరికింది.

మర్నాడు మాస్టారు మొదటిసారి సెలవు పెట్టి మా ఆఫీసుకొచ్చారు.

“అయ్యా, పొద్దున్నించీ ఇంటికి జనం వస్తూనే ఉన్నారు. ‘మాస్టారూ, మాది ఎర్ర సైకిలు, బెల్లుండదు, ఎక్కడ పెట్టారో చెప్తే మేమే తెచ్చుకుంటాం’ అంటున్నారు. మా ఆవిడేమో, ‘అన్ని ఎత్తారు కదండీ, మనింటికొకటి తేవాలని తోచలేదా?’ అంటోంది. హెడ్మాస్టరుగారు సోమవారం లోపల సవరణ తెమ్మన్నారు. లేకపోతే ఉద్యోగం పోయినట్టే. ఉద్యోగం సంగతి అటుంచండి, పేరు పోయిందండీ. ఒక్క లైను వేయండి చాలు.”

సంపాదకులు ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. తర్వాత శతజయంతి సభ కోసం సిద్ధం చేసుకున్న ప్రసంగంలోంచి కొంత వినిపించారు.

“మాస్టారూ, సవరణంటే ఏమనుకుంటున్నారు? ఇవాళ మీకు ఒక్క లైను వేస్తే, నిన్నటి పేపరును రేపెవడు నమ్ముతాడు? నిన్నటిది నమ్మనివాడు రేపటిది కొంటాడా? మీ ఒక్కరి పేరు కోసం నగరం నమ్మకాన్ని బలిపెట్టమంటారా?”

“నేను దొంగను కానండీ!”

“అదే రాస్తాం. ‘ఇప్పుడు దొంగ కాదు’ అని.”

ఆదివారం అనుబంధంలో “నిన్న దొంగ, నేడు గురువు” అని సగం పేజీ వచ్చింది. బుధవారం పట్టుబడిన మనిషి ఆదివారానికల్లా పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నట్టు ఎలా తేలిందని ఏ పాఠకుడూ అడగలేదు. మొదటి ఫోటోలో దొంగచూపు, రెండో ఫోటోలో పశ్చాత్తాపం కొట్టొచ్చినట్టు కనిపించాయని చాలామంది ఉత్తరాలు రాశారు. రెండూ ఒకే ఫోటో.

సోమవారం హెడ్మాస్టరు గేటు దాకా ఎదురొచ్చారు. “ముందే చెప్పొచ్చుగా మాస్టారూ! ఇన్నేళ్లూ మిమ్మల్ని ఉత్త లెక్కల టీచరే అనుకున్నాం.” ఆ బడిలో చేర్పించడానికి తల్లిదండ్రులు వరస కట్టారు. “మావాడు ఇంతవరకూ ఏమీ దొంగిలించలేదండీ, అయినా చేర్చుకుంటారా?” అని ఒక తల్లి బతిమాలింది.

మాస్టారి ఉద్యోగం నిలిచింది. పేరు మాత్రం తిరిగి రాలేదు. అందుకే శతజయంతి సభలో సన్మానం చేస్తామనగానే ఒప్పుకున్నారు. నగరం మొత్తం వినేలా ఒక్కసారి నిజం చెబితే చాలనుకున్నారు. సైకిలు మీద వచ్చి, దాన్ని హాలు బయట పెట్టి తాళం వేసి, నేరుగా వేదికెక్కారు.

“నేను జన్మలో ఒక్క సైకిలూ ఎత్తుకెళ్లలేదు. పేపరువాళ్లు ఫోటో తప్పు వేశారు. అంతే” అన్నారు మైకులో.



“అయ్యయ్యో, మళ్లీ మొదలెట్టాడండీ!” అన్నారు ముందు వరసలో ఒకాయన.

“మరి! ఇంత బాగా అబద్ధమాడేవాడు మారడమేమిటండీ?” అన్నారు పక్కాయన.

వెనక వరసలవాళ్లు అప్పటికే లేచి, తమ సైకిళ్లు ఉన్నాయో లేదో చూసుకోవడానికి బయటికి పరుగెత్తారు.

అందరివీ ఉన్నాయి. మాస్టారిదే లేదు. పగిలిన తాళం కింద పడి ఉంది.

మర్నాడు మొదటి పేజీలో వేశాం: “శతజయంతి సభలో సైకిలు మాయం. మాస్టారిపై అనుమానం.” పోయిన సైకిలు ఎవరిదో రెండో పేరాలో స్పష్టంగా రాశాం. మీరూ చదివారు. చదివి, వెళ్లి మీ సైకిలుకు ఇంకో తాళం కొనుక్కున్నారు.